రేడియేటర్ వెనక వైపు దూది

నందిగామలో మా షెడ్డు గురించి ఎవరిని కదిపినా ఒక కథ చెబుతారు. జగ్గయ్యపేట పత్తి షావుకారు గారి పాత కారు నెలరోజుల పాటు ఎవరికీ అంతుబట్టకుండా హీటెక్కి పొంగుతుంటే, కౌంటర్లో కూర్చునే మేడం లేచి వచ్చి, బండి ముందు ఒక కాగితం పట్టుకుని, "ఫ్యాన్ తిరగబడింది" అని ఒక్క క్షణంలో తేల్చేసిందట. మెకానిక్కులందరూ నోళ్ళు తెరిచారట. ఆ మేడం నేనే. నేను ఉద్యోగం మానేసిన రోజున మా యజమాని నా మెడలో దండ వేసి మరీ ఈ కథ చెప్పాడు. అడ్డుపడబోయాను. "ఊరుకోండి మేడం, మీకు మొహమాటం" అన్నాడు. నాకు మొహమాటమట! ఇరవై ఏళ్ళు నా నోటిధాటి భరించిన మనిషి అనాల్సిన మాటేనా అది?

కాగితం సంగతి నిజమే. మిగతాదంతా అబద్ధం. ఆ ఫ్యాన్‌ను తిరగేసింది ఎవరో ఈ కథ చెప్పేవాళ్ళు ఒక్కరూ అడగరు. తిరగేసింది నేనే. క్షణంలో కనిపెట్టడం కాదు, నాలుగు వారాలు నా తప్పును నేనే కాపలా కాశాను. అందులో ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. ఇప్పుడు షెడ్డుల్లో చేరే పిల్లలు ఇది చదివితే, దండ వేసిన కథ కాకుండా ఈ కథ గుర్తుపెట్టుకోండి.

నేను నందిగామలోనే బీఎస్సీ చదివాను, ఫిజిక్స్. టీచర్ ఉద్యోగం రాలేదు. తొంభైల మొదట్లో హైవే పక్కన కార్లు బాగుచేసే షెడ్డులో బిల్లులు రాయడానికి చేరాను. ఆరు నెలలకి జాబ్ కార్డులు కూడా నాకే అప్పజెప్పారు. బండి రాగానే దాని రోగమేమిటో, ఏం చేశామో రాసే కాగితం అది. రోగం అర్థం కాకుండా రాయడం నాకు నచ్చేది కాదు. అందుకని బానెట్ ఎత్తినప్పుడల్లా వెళ్ళి పక్కన నిలబడేదాన్ని.

మా పెద్ద మేస్త్రీ మొదట్లో విసుక్కున్నాడు. "నూనె పడుద్దమ్మా చీర మీద."

"పడితే ఉతుక్కుంటా. మీరు ఆ బోల్టు ఎందుకు తీశారో చెప్పండి."

అలా మొదలై, పదేళ్ళు తిరిగేసరికి ఏ బండికి ఏం చేయాలో చెప్పే స్థాయికి వచ్చాను. బండ్లు తెచ్చేవాళ్ళు నన్ను దాటుకుని మేస్త్రీ దగ్గరికి పోబోతే, ఆయనే వెనక్కి పంపేవాడు. "ముందు ఆయమ్మకి చెప్పండి. లేకపోతే మనిద్దరికీ తిట్లే."

ఆ కారు రెండువేల నాలుగులోనో అయిదులోనో మా షెడ్డుకి వచ్చింది. అప్పటికే పదిహేనేళ్ళ బండి. షావుకారు గారి తండ్రి కొన్నదట, అందుకని అమ్మరు. నడిపే డ్రైవరుది చెవిటికల్లు. కృష్ణ ఒడ్డునే ఊరైనా వీళ్ళ చేను మెరక మీద, బోరు నీళ్ళే ఆధారం. ఆ బోరు ఎండిపోయాక స్టీరింగ్ పట్టి, షావుకారు గారి దగ్గర పదకొండేళ్ళుగా ఉన్నాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మాట తక్కువ. నాకు మాట తక్కువ మనుషులంటే అనుమానం ఎక్కువ.

మొదటిసారి వచ్చినప్పుడు రోగం సూటిగానే ఉంది. ఎండాకాలం. జగ్గయ్యపేట బజార్లో బండి కాసేపు ఆగితే చాలు, హీట్ చూపించే ముల్లు పైకి పోతోంది. రేడియేటర్ వెనక ఉండే కరెంటు ఫ్యాన్ తిరగడం లేదు. ఫ్యూజు చూశాం, బాగుంది. నీళ్ళు వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసే చిన్న స్విచ్చు ఒకటుంటుంది. దాని రెండు తీగలూ కలిపి చూశాం, ఫ్యాన్ కదల్లేదు. బ్యాటరీ నుంచి తిన్నగా తీగలు లాగి మోటారుకి ఇస్తే మూలిగి ఆగిపోయింది. అంటే మోటారే పోయింది. విజయవాడలో ఆ పాత మోడలుకి మోటారు దొరకలేదు. జగ్గయ్యపేటలో పొలం మోటార్లు వైండింగ్ చేసే ఆయన దగ్గరికి పంపి లోపల అరిగిన కార్బన్ బ్రష్షులు మార్పించాం.

మోటారు తిరిగొచ్చిన రోజు మేస్త్రీ దాన్ని బిగించి భోజనానికి వెళ్ళాడు. తీగలు కలపడం ఒక్కటే మిగిలింది. పాత ప్లగ్గు పగిలిపోయిందని వైండింగ్ ఆయన కొత్త తీగలు వేశాడు. రెండూ నలుపే, ఏది ఎటు కలపాలో గుర్తేమీ లేదు. షావుకారు గారు త్వరగా రమ్మన్నారని డ్రైవరు గడియారం చూసుకుంటున్నాడు. నేను కొంగు బిగించి, రెండు తీగలూ మెలిపెట్టి, టేపు చుట్టి, ఇంజను వేడెక్కనిచ్చాను. ఫ్యాన్ ఝుమ్మని తిరిగింది. షెడ్డులో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను జాబ్ కార్డు మీద 'ఫ్యాన్ పనిచేయుచున్నది' అని రాసి, కింద గీత గీశాను. ఆ గీత ఎందుకు గీశానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వారం తిరక్కముందే డ్రైవరు వచ్చాడు. ఇంజను ఆపలేదు. బండి ముందు నిలబడి, కాస్త సందేహిస్తూ అన్నాడు. "అమ్మగారూ, ఫ్యాన్ తిరుగుతా ఉంటే ముందర నిలబడితే గాలి నా మొహానికి కొడతందండి."

కౌంటర్లో నలుగురున్నారు. నా నాలిక ఊరుకుంటుందా?

"ఫ్యాన్ గాలి మొహానికి కాకపోతే వీపుకి కొడుతుందా? ఎండాకాలం కదయ్యా, నిలబడి హాయిగా విసురుకో."

నలుగురూ నవ్వారు. అతనూ నవ్వాడు, నవ్వి, "అట్టా కాదండి, మా చేలో మోటారు తిరగబడితే..." అని ఏదో అనబోయాడు. "ఇది నీ చేలో మోటారు కాదు" అన్నాను. మాట అక్కడే ఆగిపోయింది. బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

మా మెరక ప్రాంతంలో బోరు ఉన్న ప్రతి రైతుకీ ఒక సంగతి తెలుసు. కరెంటు లైన్లు ఎక్కడో తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. చప్పుడు మామూలుగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం సరిగా పోయదు. స్టార్టర్ దగ్గర రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే సరి. చదువురాని మనిషి కూడా చేతిని నీళ్ళ ధార కింద పెట్టి చెప్పేస్తాడు. ఫిజిక్స్ చదివిన నేను మాత్రం 'తిరుగుతోంది' అన్నదాని దగ్గరే ఆగిపోయాను. కారు ఫ్యాన్ బయటి గాలిని రేడియేటర్ గుండా ఇంజను వైపు లాగాలి. ముందు నిలబడిన మనిషి మొహానికి కొడుతోందంటే అది లోపలి వేడిగాలిని బయటికి నెడుతోందన్నమాట. అతను చెప్పింది అదే. ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు?

ఆ తరవాత పొంగడాలు మొదలయ్యాయి. మొదటిసారి పరిటాల దాటుతుండగా, హనుమంతుడి విగ్రహం ఎదురుగానే. ఆవిరి కమ్మితే దేవుడే కనపడలేదన్నాడట షావుకారు. బండిని షెడ్డుకి తెచ్చి, బానెట్ ఎత్తి, అరగంట నడిపాం. ఏమీ లేదు. ఫ్యాన్ తిరుగుతోంది, ముల్లు మధ్యలోనే నిలబడుతోంది. నిలబడదూ మరి? బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ గాలే గాలి, ఫ్యాన్ ఎటు తిరిగితేనేం? హైవే మీద ఎదురుగా వచ్చే గాలిని లోపలి నుంచి ఫ్యాన్ అడ్డుకుంటుంటేనే కదా అసలు గొడవ.

"నీళ్ళు ఏవి పోస్తున్నావు?" అని డ్రైవర్ని అడిగాను.

"పత్తి మిల్లులో బోరు నీళ్ళేనండి. ఇంకేం ఉంటాయి?"

దొరికాడు అనుకున్నాను. జగ్గయ్యపేట నేలంతా సున్నపురాయి. ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీ ఊరికే పెట్టలేదు. ఆ బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. నిజమైన సంగతే, వంద బండ్లలో చూశాను. అందుకే ఇంకేమీ ఆలోచించలేదు. జాబ్ కార్డు మీద 'డ్రైవరు నిర్లక్ష్యంగా బోరు నీళ్ళు పోయుట వలన రేడియేటర్ పూడుకొనిపోయినది' అని చక్కటి దస్తూరితో రాశాను. అది షావుకారు గారికి వెళ్ళింది.

రేడియేటర్ విప్పి, గొట్టాల్లో చువ్వలు దూర్చి శుభ్రం చేశాం. మేస్త్రీ ఆ మాట అప్పుడే అన్నాడు. "లోపల పెద్దగా ఏం లేదమ్మా. నీళ్ళు బాగానే దిగుతున్నయ్."

"అయితే ఇంజను లోపలి దారుల్లో ఉంటుంది."

"ఉంటే ఉండొచ్చు. నాకైతే కనపడలా."

"మీకు కనపడనివి చాలా ఉంటాయి మేస్త్రీగారూ."

ఆయన రేడియేటర్ బిగించే పనిలో పడ్డాడు. నాతో వాదించి గెలవడం కంటే ఇంజను దించి ఎక్కించడం తేలికని ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నాడు.

రెండోసారి కూడా పొంగాక, మా ప్రాంతంలో ప్రతి మేస్త్రీ చేసే పనే మా మేస్త్రీ చేశాడు. ఫ్యాన్‌ను 'డైరెక్ట్' చేశాడు. అంటే వేడితో పనిచేసే స్విచ్చుని పక్కనపెట్టి, తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా కలపడం. అది చాలా బండ్లని కాపాడింది. ఈ బండి మాత్రం అదివరకు పరిటాల దాకా పోయేది, ఇప్పుడు కీసర వంతెన దగ్గరే పొంగింది. ఫ్యాన్ ఎంత ఎక్కువసేపు తిరిగితే బండి అంత త్వరగా ఉడుకుతోంది! పదో తరగతి పిల్లకి ఇస్తే చెప్పేసే లెక్క. నేను మాత్రం నా పెచ్చు సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడాను. రాసేశాను కదా మరి. కాగితం మీద పెట్టిన మాటను వెనక్కి తీసుకోవడం నాకు ఏనాడూ చేతకాలేదు.

కీసర దగ్గర బండి ఆగిన రోజు షావుకారు కుటుంబంతో పెళ్ళికి విజయవాడ పోతున్నాడు. పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్ళని బస్సెక్కించి, తాను సిమెంటు లారీ ఆపి, ఆ లారీ డ్రైవరు పక్కన కూర్చుని పెళ్ళికి పోయాడట. మర్నాడు ఆ సిమెంటు దుమ్ము చొక్కాతోనే మా షెడ్డుకి వచ్చినట్టున్నాడు. చేతిలో నేను రాసిన జాబ్ కార్డు.

"ఇది మీ రాతే గదమ్మా?"

"నాదేనండి."

"చదువుకున్న మనిషి రాసింది. నేను నమ్ముతున్నా." డ్రైవరు వైపు తిరిగాడు. "పదకొండేళ్ళయింది నా దగ్గర. బండిలో నీళ్ళు పోయడం కూడా రాని మనిషి నాకెందుకయ్యా? బండి బాగయ్యి వచ్చేదాకా ఉండు. సోమవారం నుంచి ఇంక రావద్దు."

డ్రైవరు "సరేనండి" అన్నాడు. అంతే. నా వైపు చూశాడేమో తెలియదు, నేను రిజిస్టరులోకి చూస్తున్నాను.

ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. సిద్ధాంతం తప్పని కాదు, అది ఇంకా ఒప్పేనని అనుకుంటున్నాను. కానీ నలభై అయిదేళ్ళు దాటినవాడు, బోరు ఎండిన చేనుకి తిరిగి వెళ్ళి ఏం చేస్తాడు? బోరు నీళ్ళు ఊళ్ళో ఎవరు పొయ్యడం లేదు? 'నిర్లక్ష్యంగా' అన్న ముక్క రాయకపోతే ఏం పోయేది? ఆ ముక్క రోగం గురించి కాదు, మనిషి గురించి. నా పని రోగం రాయడం.

శనివారం నాడు రేడియేటర్ మళ్ళీ విప్పించాను. ఈసారి పెచ్చు చూపించి తీరాలని. మేస్త్రీ దాన్ని గోడకి ఆనించి, పైపులు చూడ్డానికి కారు కిందికి దూరాడు. నేను దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

పత్తి మిల్లుల్లో తిరిగే బండ్లను మేము దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళం. మిల్లు ఆవరణలో గాల్లో ఎప్పుడూ దూది తేలుతుంటుంది. ఫ్యాన్ లాగే గాలితో పాటు అది వచ్చి రేడియేటర్ ముందు వైపు పరుపులా అంటుకుంటుంది. బ్రష్షు పెట్టి దులపడం మా షెడ్డులో రోజూ ఉండే పని. ఈ రేడియేటర్ ముందు వైపు చూశాను. నాలుగు చచ్చిన పురుగులు తప్ప దూది లేదు. మిల్లులో ఉండే బండికి దూది అంటకపోవడమేమిటి?

లేచి వెనక వైపు తిప్పాను.

దూది అక్కడుంది. ఇంజను వైపు, గుండ్రంగా, సరిగ్గా ఫ్యాన్ రెక్కలు తిరిగే మేర. కంపాస్ పెట్టి గీసినట్టు తెల్లటి వలయం.

అప్పుడు వినపడింది నాకు, నాలుగు వారాల కిందటి మాట. 'గాలి నా మొహానికి కొడతందండి.'

"మేస్త్రీగారూ," అన్నాను, "మొన్న విప్పినప్పుడు దూది దులిపారా?"

"దులపకుండా ఎట్టాగమ్మా? కడగాలి గదా."

"ఏ వైపున ఉంది?"

కారు కింద నుంచి ఆయన కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళు కదలడం ఆపేశాయి. "వెనక వైపే ఉండె" అన్నాడు. "దులిపేశా. ఎందుకున్నదని అడగలా."

ఇద్దరమూ అడగలేదన్నమాట. ఆయన బయటికి వచ్చి, రేడియేటర్ చూసి, నన్ను చూసి, తల తుడుచుకున్నాడు. తీగలు కలిపిందెవరో ఆయనకి గుర్తుంది. ఆ మాట ఎత్తలేదు.

అన్నీ మళ్ళీ బిగించాం. స్టార్ట్ చేశాక నేను చేతిలో ఉన్న కాగితాన్ని కారు ముందు జాలీకి ఆనించి వదిలేశాను. ఫ్యాన్ సరిగా లాగితే కాగితం అక్కడే అతుక్కుని ఉండాలి. అది ఎగిరి వచ్చి నా ఛాతీ మీద పడింది. చూస్తే నేను రాసిన జాబ్ కార్డే, షావుకారు కౌంటర్ మీద వదిలేసి వెళ్ళినది. కావాలని తీసుకోలేదు, చేతికి అందింది తీసుకున్నాను. మీరు నమ్మకపోతే మీ ఇష్టం.

టేపు విప్పి రెండు తీగలూ అటూ ఇటూ మార్చాను. నా చేతులతోనే. మళ్ళీ కాగితం పెట్టాను. టప్పున అతుక్కుపోయింది. కథ చెప్పేవాళ్ళు చూసింది ఈ ఒక్క ముక్కే. అప్పుడే లోపలికొచ్చిన మా యజమాని, "భలే కనిపెట్టారు మేడం!" అని అరిచాడు.

మేస్త్రీ, నేను, డ్రైవరు, ముగ్గురం బండెక్కి కీసర దాటి, కంచికచర్ల దాటి, పరిటాల దాకా పోయి వచ్చాం. ముల్లు మధ్య గీత మీద నుంచి కదిలితే ఒట్టు. మేస్త్రీ వెనక సీట్లో నిద్రపోయాడు. డ్రైవరు రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. నా జీవితంలో అంత దూరం మాట్లాడకుండా ప్రయాణించడం అదే మొదలు.

సాయంత్రం షావుకారు వచ్చాడు. మా యజమాని ముందే ఎత్తుకున్నాడు, మేడం కాగితంతో కనిపెట్టిందని. నేను ఆపాను.

"ఆగండి. కనిపెట్టడానికి ముందు పాడుచేసింది కూడా నేనే. తీగలు తిరగేసి కలిపింది నేను. బోరు నీళ్ళ తప్పు కాదు, డ్రైవరు తప్పు అంతకంటే కాదు. ఆ కార్డు మీద నేను రాసింది తప్పు."

షావుకారు నన్ను తేరిపార చూశాడు. తిడతాడనుకున్నాను. ఆయన కోపమంతా ఎటు పోయిందో గానీ, డ్రైవరు వైపు తిరిగాడు. "ఏవయ్యా, చేలో మోటార్లు తిప్పి తిప్పి వచ్చినోడివి. ఫ్యాన్ తిరగబడితే నీకు తెలవలా?"

డ్రైవరు నేల చూస్తూ, "లేదండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "తెలుసండి! ఆ వారంలోనే వచ్చి చెప్పాడు. నేనే నలుగురిలో ఎగతాళి చేసి పంపేశాను."

"లేదండి, నేనేం చెప్పలేదండి."

"చెప్పావయ్యా!"

"అమ్మగారు వేరే ఎవరినో అనుకుంటున్నారండి."

షావుకారు పకపకా నవ్వాడు. "తప్పు నాదంటే నాదని కొట్టుకోవడం ఈ షెడ్డులోనే చూస్తున్నా. సరే, ఏవయ్యా, సోమవారం పొద్దున్నే బండి తియ్. మిల్లుకి పోవాలి."

అంతే. మరో ఆరేళ్ళు ఆ కారు అతనే నడిపాడు. మా షెడ్డుకే తెచ్చాడు. వచ్చినప్పుడల్లా ఇంజను ఆపకముందు నేనే వెళ్ళి బండి ముందు నిలబడి గాలి ఎటు వస్తోందో చూసేదాన్ని. అతను స్టీరింగ్ వెనక నుంచి చూసి నవ్వుకునేవాడు. ఆ రోజు నుంచి నేను జాబ్ కార్డుల మీద మనుషుల గురించి ఒక్క ముక్క రాయలేదు. బండి తెచ్చినవాడు ఏం చెప్పాడో మాత్రం వాడి మాటల్లోనే మొదటి వరుసలో రాసేదాన్ని. తరవాత చేరినవాళ్ళు దాన్ని మేడం పద్ధతి అనేవాళ్ళు. అది నా పద్ధతి కాదు, నా నోటి మీద నేను పెట్టుకున్న కాపలా.

ఇప్పటి షెడ్డుల్లో తీగ గుచ్చితే తెరమీద రోగం పేరు వస్తుందట. మంచిదే. ఆ తెర గాలి ఎటు పోతోందో చెబుతుందేమో నాకు తెలియదు గానీ, బండి ముందు నిలబడిన మనిషి చెబుతాడు.

పోయినేడు బంధువుల గృహప్రవేశానికి చెవిటికల్లు వెళ్ళాను. అతను చేలోనే ఉన్నాడని తెలిసి చూడబోయాను. కొత్త బోరు పడింది, నీళ్ళు బాగున్నాయి. తల పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే మోటారు వేసి, ధార కింద చెయ్యి పెట్టి, "సరిగ్గానే తిరుగుతంది, చూసుకోండి అమ్మగారూ" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు అడిగాను, ఇన్నేళ్ళ తరవాత, ఆ రోజు ఎందుకు కాదన్నావని. అతను గట్టు మీద గోనెపట్టా పరిచి, "కూర్చోండి, కొబ్బరిబోండాం కొట్టిస్తా" అన్నాడు. మళ్ళీ అడిగాను. "ఎండ బాగా ఉందండి ఇయ్యాల" అన్నాడు. బోండాం తాగి వచ్చేశాను.

మాటకి మాట అనకుండా ఎవరినీ వదలని నన్ను ఆ మనిషి రెండుసార్లు నోరుమూయించాడు. అందుకే ఇక్కడ, అందరి ముందూ, రాతపూర్వకంగా అతన్నే అడుగుతున్నాను. సోమవారం నుంచి రావద్దన్నప్పుడు, 'నేను ముందే చెప్పానండి' అన్న ఒక్క మాటతో నీ ఉద్యోగం నిలిచేది. తరవాత నేనే ఒప్పుకున్నప్పుడు కూడా కాదన్నావు. ఎందుకయ్యా?